నెత్తురు మాట వినే నాడి

నాకు చదువు చెప్పిన మాస్టారికి ఎదురుగా పొగిడితే గిట్టేది కాదు. ఆ పని సభాధ్యక్షులవారు ఎలాగూ పూర్తి చేసేశారు కనుక నేను నేరుగా పాఠంలోకి వెళ్తాను.

ఈ సాయంత్రం విషయం వాపుతో వచ్చే నొప్పి. హార్మోన్లను అందుకునే గ్రాహకాలు నొప్పిని మోసే నాడీకణాల మీదే ఉన్నాయని, అందువల్ల ఒకే రకం వాపు ఇద్దరు మనుషుల్లో రెండు తీరుల నొప్పిగా మారుతుందని గత ఇరవై ఏళ్ళ పరిశోధన చెబుతోంది. దాని గురించే మాట్లాడతాను.

2005 చివర్లో చికున్‌గున్యా మన దేశంలోకి తిరిగి వచ్చినప్పుడు ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నడివయసు దాటినవాళ్ళందరికీ అది గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో దిగిపోయేది. కీళ్ళ పోటు మాత్రం నెలల తరబడి వదిలేది కాదు. పొద్దున లేచి చెంబు పట్టుకోవడమే గగనమయ్యేది. నొప్పి అలా నిలిచిపోయిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని తరవాత పలు దేశాల అధ్యయనాలు చెప్పాయి. అలాంటి నొప్పితో ఓపీకి వచ్చిన ఆడవాళ్ళకు మనం తేలిగ్గా అనేసే మాట ఒకటుంది: "ఈ వయసులో హార్మోన్ల తేడా ఉంటుంది లేమ్మా." విచిత్రమేమిటంటే ఆ మాటలో నిజం ఉంది. ఎంత నిజం ఉందో అనేవాళ్ళకే తెలియదు.

వాపుకు ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి అని నాలుగు లక్షణాలను రోములో సెల్సస్ మొదటి శతాబ్దంలోనే రాసిపెట్టాడు. మొదటి మూడూ రక్తనాళాల పని. నాలుగోది నాడి పని. మోకాలి నొప్పిని మోసే నాడీకణం దేహం మోకాల్లో ఉండదు, నడుము దగ్గర వెన్నుపాముకు ఆనుకుని ఉన్న చిన్న గుళికలో ఉంటుంది. దాన్ని డోర్సల్ రూట్ గ్యాంగ్లియన్ అంటాం; ఈ పూటకు వెన్నుగుళిక అందాం. ముఖానికీ దవడకూ ఇలాంటి గుళిక వేరే ఉంది, దాని పేరు ట్రైజెమినల్. మెదడుకు రక్తంలోని పదార్థాలు తేలిగ్గా చేరకుండా ఒక అడ్డుగోడ ఉంటుందని విద్యార్థులు చదివే ఉంటారు. వెన్నుగుళికకు అంత గట్టి గోడ లేదు. అక్కడి సన్న రక్తనాళాల్లోంచి చాలా పదార్థాలు కారి కణాలను తాకుతాయి. రక్తంలో తిరిగే హార్మోన్‌కు నొప్పి నాడిని చేరడం అంత కష్టమేమీ కాదన్నమాట.

ఇక నాడి కొస దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చేరినా అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికినిన్, నాడీవృద్ధి కారకం లాంటివాటిని గుమ్మరిస్తాయి. నాడి కొస పొరలో టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంది. మిరపకాయ కారం కట్టుకునేది ఈ ద్వారానికే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గానీ ఇది తెరుచుకోదు. వాపు రసాయనాలు నాడిలోపలి ఎంజైములను రెచ్చగొడితే అవి ఈ ద్వారానికి ఫాస్ఫేటు తగిలిస్తాయి, అది తెరుచుకునే హద్దు కిందికి దిగుతుంది. ఎంతగా అంటే ఒంటి వేడే దాన్ని తెరవగలదు. వాచిన వేలు ఎవరూ ముట్టుకోకపోయినా సలపడానికి ఒక కారణం ఇది. దీనికి తోడబుట్టిన టీఆర్‌పీఏ1 ఆవఘాటును పట్టే ద్వారం, చలిని పట్టేది టీఆర్‌పీఎం8. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్ళు మొదటి రెంటినీ ఒకేసారి పరీక్షించినట్టే.

దెబ్బతిన్న కణం ఇంకొకటి కూడా ఒలకబోస్తుంది: ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి హార్వర్డ్‌లో దాన్ని కండరం నుంచి విడదీసి 1929లో ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. కణానికి శక్తినిచ్చే ఆ అణువు కణం బయట పడితే నొప్పి సంకేతమవుతుంది. దాన్ని అందుకునే పీ2ఎక్స్3 గ్రాహకం నొప్పి నాడుల్లో ఉందని 1995లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ వుడ్ బృందం చూపింది. ఆ పత్రం రాసినవాళ్ళలో ఆర్మెన్ అకోపియన్ ఒకరు. మరుసటేడు అదే ప్రయోగశాల నుంచి నొప్పి నాడులకే పరిమితమైన ఎన్ఏవీ1.8 అనే సోడియం ద్వారాన్నీ ఆయన వెలికితీశారు. 2025 జనవరిలో అమెరికా అనుమతి పొందిన సుజెట్రిజిన్ అనే కొత్త నొప్పి మందు ఆ ద్వారాన్నే మూస్తుంది. అకోపియన్ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తారు.

హార్మోన్లకూ వాపు నొప్పికీ సంబంధం ఉందన్న అనుమానం కొత్తది కాదు. రుమటాయిడ్ కీళ్ళవాతంతో బాధపడే స్త్రీలు గర్భంతో ఉన్నన్నాళ్ళూ తేరుకుని, కాన్పయ్యాక మళ్ళీ మూలపడటం మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ గమనించాడు. 1938లో రాశాడు. కామెర్లు వచ్చినప్పుడూ ఇలాగే నొప్పులు తగ్గడం చూసి, ఒంట్లోనే ఏదో పదార్థం ఈ పని చేస్తోందని నమ్మాడు. పదేళ్ళ వెతుకులాట తరవాత 1948 సెప్టెంబరు 21న ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసిన అడ్రినల్ గ్రంథి హార్మోన్‌ను మంచం పట్టిన ఒక యువతికి ఎక్కించారు. వారం తిరిగేసరికి ఆమె నడిచి బజారుకు వెళ్ళింది. అదే కార్టిసోన్. దానికి 1950లో నోబెల్ వచ్చింది. ఆ యువతికి మందు ఎక్కించడానికి నెలన్నర ముందే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. లెడర్లీ మందుల సంస్థలో ఆయన బృందం కేన్సర్ కోసం తయారుచేసిన మెథోట్రెక్సేట్ తరవాతి కాలంలో ఆ కీళ్ళవాతానికే ప్రధాన మందయింది.

కార్టిసోన్ విజయం మనకు ఒక అలవాటు నేర్పింది. హార్మోన్ అంటే రోగనిరోధక కణాలను అదుపు చేసేదని, వాపు తగ్గిస్తుందని, వాపు తగ్గితే నొప్పి దానంతటదే తగ్గుతుందని. లెక్కలో నాడి లేదు. అది వార్త మోసుకుపోయేదే తప్ప వార్తను మార్చేది కాదని అనుకున్నాం. ఆ లెక్క తప్పని మొదట బలంగా చూపినవి ఎస్ట్రోజన్ ప్రయోగాలు.

ఎస్ట్రోజన్‌కు ఆల్ఫా, బీటా అని రెండు పాత గ్రాహకాలు. కణకేంద్రకంలోకి పోయి జన్యువులను మేల్కొలిపే రకం, గంటల తరబడి సాగే పని. కణం పొరల మీద నిమిషాల్లో పనిచేసే మూడోది జీపీఈఆర్. అది ఎస్ట్రోజన్‌ను పట్టుకుంటుందని 2005లో తేలింది. ఈ మూడూ వెన్నుగుళికల్లో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ లెవైన్‌తో కలిసి టిమ్ హూచో 2006లో ఒక చక్కటి ప్రయోగం ప్రచురించాడు. ఎలుకల వెన్నుగుళిక కణాలను పళ్ళెంలో పెంచి అడ్రినలిన్ తరహా ప్రేరణ ఇస్తే, ప్రోటీన్ కైనేజ్ సీ-ఎప్సిలాన్ అనే ఎంజైము కణం లోపలి నుంచి పొర దగ్గరికి చేరుకుంది. అది అక్కడికి చేరిందంటే నాడి రెచ్చిపోయిందని అర్థం. అదే కణాలకు ముందుగా కొద్దిసేపు ఎస్ట్రోజన్ తగిలిస్తే ఎంజైము కదల్లేదు. ఈ లెక్కన ఎస్ట్రోజన్ నొప్పికి కళ్ళెం వేసేదే కదా? 2008లో వాళ్ళే ఇంకో పత్రం వేశారు. జీపీఈఆర్‌ను విడిగా ప్రేరేపిస్తే అదే ఎంజైము పొరకు చేరింది, ఎలుకల పాదాల్లో నొప్పి పెరిగింది! ఆ రెండో పత్రం రచయితల్లో ఒకరైన చందన్ గోస్వామి ఇప్పుడు భువనేశ్వర్‌లోని నైసర్ పరిశోధన సంస్థలో ఈ ద్వారాల మీదే పనిచేస్తున్నారు.

ఒకే బృందం, ఒకే హార్మోన్, ఒకే ఎంజైము, ఎదురెదురు ఫలితాలు. ఈ రెండు పత్రాలూ చదివి విసుక్కున్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఈ రంగంలో అన్నిటికంటే నిజాయితీగా కనిపించేవి ఇవే. హార్మోన్‌కు మంచీ చెడూ అంటగట్టడం మన తొందర. నాడి ఆ క్షణంలో ఏ స్థితిలో ఉంది, ఏ గ్రాహకం ముందు తగిలింది, అడ్రినలిన్ అప్పటికే వచ్చిందా అన్న వాటిని బట్టి ఫలితం మారుతుంది.

ఇప్పుడు ప్రొలాక్టిన్. తల్లిపాల హార్మోన్‌గా తప్ప దీన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఇది మగవాళ్ళ రక్తంలోనూ ఉంటుంది, మెదడు కింది పిట్యూటరీలోనే కాక గాయమైన చోటా పుడుతుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 2006లో ఒక బృందం ఆడ ఎలుకలకు ఎస్ట్రోజన్ ఇస్తే, వాటి ట్రైజెమినల్ గుళికలోనే ప్రొలాక్టిన్ తయారీ బాగా పెరిగింది. ఆ ప్రొలాక్టిన్ టీఆర్‌పీవీ1ను మరింత తేలిగ్గా తెరుచుకునేట్టు చేసింది. లండన్ నుంచి అక్కడికి చేరిన అకోపియన్ ఈ దారిని పట్టుకున్నారు. 2013లో ఆయన బృందం కారం, ఆవఘాటు, చలి ద్వారాలు మూడింటినీ ప్రొలాక్టిన్ ఎలా మారుస్తుందో పరీక్షించింది. ఆడ ఎలుకల నాడీకణాలకు చాలా తక్కువ మోతాదు చాలింది. పాదంలో వాపు పుట్టించే మందు ఎక్కించినప్పుడు ఆ వాచినచోటే ప్రొలాక్టిన్ ఊరింది. దాని గ్రాహకాన్ని అడ్డుకుంటే ఆడ ఎలుకల్లో నొప్పి తగ్గింది.

అలాంటప్పుడు మగవాటి నాడుల్లో ఈ గ్రాహకమే లేదేమో అనిపిస్తుంది. 2019లో వాళ్ళు తవ్వి చూస్తే ఇంకా ఆసక్తికరమైన సంగతి బయటపడింది. గ్రాహకాన్ని తయారుచేయమనే సందేశ ఆర్‌ఎన్‌ఏ ఆడ, మగ నాడీకణాలు రెండింట్లోనూ ఉంది. ఆ సందేశం నాడి కొసల్లో ప్రోటీనుగా మారడం మాత్రం ఆడవాటిలోనే జరుగుతోంది. ఒకే వంట పుస్తకం రెండిళ్ళలోనూ ఉంది, పొయ్యి వెలిగేది మాత్రం ఒకింట్లోనే. ఎన్ఏవీ1.8 ఉన్న నొప్పి నాడుల్లోంచి మాత్రమే ఈ గ్రాహకాన్ని తీసేసిన చుంచులను వాళ్ళు తయారుచేశారు. తన పాత ఆవిష్కరణే ఇక్కడ అకోపియన్‌కు పనిముట్టయింది. రోగనిరోధక కణాలను ఎవరూ ముట్టుకోలేదు. అయినా కోత నొప్పీ, వాపు నొప్పీ ఆడవాటిలో తగ్గాయి, మగవాటిలో తేడా లేదు. లెక్కలో నాడి ఉండి తీరాలనడానికి ఇంతకంటే సూటి రుజువు నాకు తెలియదు.

ఈ గ్రాహకానికీ రెండు రూపాలున్నాయి. పొట్టిది నాడిని రెచ్చగొడితే, పొడవుది దాన్ని అదుపులో పెడుతుంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ పొరెకా బృందం 2020లో, ఆడ చుంచుల్లో పొడవు రూపం తగ్గితే నొప్పి పెరుగుతుందని, మార్ఫిన్ వాడకం వల్ల నొప్పి ఇంకా ఎక్కువయ్యే వింత పరిస్థితిలోనూ దీని చెయ్యి ఉందని చూపింది. ప్రొలాక్టిన్‌ను తగ్గించే కాబర్గోలిన్ మనకు పాత మందే. ఆ మందు అక్కడ నొప్పిని తగ్గించింది.

ఇవన్నీ ఎలుకల కథలేనని వెనక వరసల్లో ఎవరో అనుకుంటూ ఉంటారు. అనుకోవాలి కూడా. 2024లో పొరెకా బృందమే చుంచు, కోతి, అవయవదానం చేసిన మనుషులు, ఈ మూడింటి వెన్నుగుళిక కణాలను తీసుకుని, ఒక్కొక్క కణానికీ గాజుసూది ఆనించి, ఎంత కరెంటిస్తే అది స్పందిస్తుందో కొలిచింది. ప్రొలాక్టిన్ ఆడ కణాల హద్దును దించింది, మగ కణాలను కదిలించలేదు. మెలకువకు సంబంధించిన ఒరెక్సిన్-బీ అనే మరో పదార్థం మగ కణాలను రెచ్చగొట్టింది, ఆడ కణాలను కదిలించలేదు. మూడు జాతుల్లోనూ అదే తీరు. నొప్పి మొదలయ్యే కణమే ఆడదో మగదో అవుతుందని దాని సారం. టెస్టోస్టెరోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను: కండరం వాచినప్పుడు మగ ఎలుకల ట్రైజెమినల్ గుళికలో మార్ఫిన్‌ను పట్టే గ్రాహకాలు పెరుగుతాయి, ఆ పెరుగుదలకు ఈ హార్మోన్ అవసరమని బాల్టిమోర్‌లో జిన్ రో బృందం చూపింది.

మనుషుల్లో హార్మోన్ మార్చి చూసే ప్రయోగం ఇష్టం వచ్చినట్టు చేయలేం. అయినా జీవితంలో అది జరుగుతూనే ఉంటుంది. ఇటలీలోని సియెనాలో అన్నా మరియా అలోయిసీ 2007లో లింగమార్పిడి కోసం హార్మోన్లు తీసుకుంటున్నవారిని అడిగి తెలుసుకున్నారు. ఎస్ట్రోజన్ వైపు మారినవారిలో దాదాపు మూడోవంతు మందికి దీర్ఘకాలపు నొప్పులున్నాయి, ఎక్కువమందిలో మొదలైంది చికిత్స తరవాతే. టెస్టోస్టెరోన్ వైపు మారినవారిలో అప్పటికే నొప్పులున్న సుమారు సగం మందికి తెరిపి కలిగింది. దీన్ని బట్టి ఎస్ట్రోజనే దోషి అని తీర్పు చెప్పబోతే రొమ్ము కేన్సర్ వార్డు అడ్డొస్తుంది. లెట్రొజోల్, అనస్ట్రొజోల్ ఒంట్లో ఎస్ట్రోజన్‌ను దాదాపు లేకుండా చేస్తాయి. వాటిని వాడే స్త్రీలలో సుమారు సగం మంది కీళ్ళ నొప్పులతో అవస్థ పడతారు, కొందరు తాళలేక మందే మానేస్తారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఫ్లోరెన్స్‌లో జెపెట్టి బృందం 2014లో ఈ మందులే సూటిగా ఆవఘాటు ద్వారాన్ని తెరుస్తాయని చూపింది. అంటే లేమి ఒక్కటే కారణం కాదు.

రంగంలో ఉన్నవాడిగా ఒక హెచ్చరిక కూడా చేయాలి. గ్రాహకం నాడి మీదే ఉందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. రక్తపోటు హార్మోన్ యాంజియోటెన్సిన్‌కు ఉన్న రెండో రకం గ్రాహకం నొప్పి నాడుల మీద ఉందని నమ్మి ఒక మందు తయారుచేశారు. సర్పి తరవాత మిగిలే నొప్పిలో అది పనిచేసిందని 2014లో లాన్సెట్‌లో వచ్చింది. 2018లో దుర్గా మహాపాత్ర బృందం సెయింట్ లూయిస్‌లో చూస్తే ఆ గ్రాహకం ఉన్నది నాడి మీద కాదు, దాని చుట్టూ చేరిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల మీద. జంతువుల్లో కాలేయానికి హాని కనిపించడంతో ఆ మందు తదుపరి పరీక్షలూ ఆగిపోయాయి. అందుకే కణం పేరు కచ్చితంగా చెప్పగలిగిన 2019 నాటి ప్రయోగానికి నేనంత విలువ ఇస్తున్నాను.

ఈ సంగతులు మనకు ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిశాయి? నొప్పి శాస్త్రంలో ప్రముఖమైన పెయిన్ పత్రికలో పదేళ్ళపాటు వచ్చిన జంతు అధ్యయనాలను జెఫ్రీ మోగిల్ 2005లో లెక్కించారు. 79 శాతం మగ జంతువులతోనే చేసినవి. ఆడ ఎలుకలకు నాలుగైదు రోజుల ఋతుచక్రం ఉంటుంది, ఫలితాలు చెదిరిపోతాయని సాకు. 2014లో 293 పత్రాలను కలిపి చూస్తే ఆడ చుంచుల ఫలితాలు మగవాటికంటే ఎక్కువ చెదరడం లేదని తేలింది. మగ చుంచులు కొట్లాడుకుంటాయి, ఓడిన దాని హార్మోన్లు వేరు, గెలిచిన దానివి వేరు. ఆ సంగతి ఎవరూ తలవలేదు. జంతు ప్రయోగాల్లో లింగభేదాన్ని లెక్కలోకి తీసుకోవాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016లో గానీ నియమం పెట్టలేదు.

చివరగా మన ఇంటి సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. నాలుగో సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వారిలో ఆంధ్రలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ముప్పైల్లోనే చేయించుకున్నవారు ఎందరో. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎస్ట్రోజన్ ఏళ్ళ మీద కాక రోజుల్లో పడిపోతుంది. అమెరికాలో గర్భసంచి లేని 10,739 మంది స్త్రీలపై జరిగిన పెద్ద పరీక్షలో, ఏడాది తిరిగేసరికి కీళ్ళ నొప్పులున్నవారు ఎస్ట్రోజన్ తీసుకున్నవారిలో 76.3 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 79.2 శాతం. తేడా చిన్నదే అయినా నిజమైనది. పక్షవాతం ముప్పు పెరగడంతో ఆ పరీక్షను 2004లో ఆపేశారు కనుక నొప్పికి ఎస్ట్రోజన్ రాయమని నేను చెప్పడం లేదు. నేనడిగేది అంతకంటే చవక. మోకాళ్ళ నొప్పి, దవడ నొప్పి అంటూ వచ్చిన స్త్రీ కేసు షీటులో నెలసరి ఎప్పుడొచ్చింది, ఆగితే దానంతటదే ఆగిందా ఆపరేషన్‌తోనా, అండాశయాలు ఉంచారా తీశారా, బిడ్డకు పాలిస్తోందా అని రాయండి. వాంతులకూ గ్యాసుకూ మనం అలవోకగా రాసే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి కనుక అవి వాడుతోందేమో కూడా అడగండి. అండాశయాల సంగతి చాలామంది ఆడవాళ్ళకు తెలియదు, డిశ్చార్జి కాగితంలోనూ ఉండదు. అప్పుడు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాల్సి వస్తుంది. చేయండి.